పెట్టె చూసిన దేశాలు

దుప్పటి రెండు కొసలను గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాపి, మళ్ళీ దగ్గరికి తెచ్చి ఉనైసి మడత వేసింది. ఏప్రాన్ జేబులో ఫోను, అక్కడి నుంచి ఒక చెవికి తీగ. ఫిన్లాండులో తన వంటింట్లో కూర్చుని హెల్వి అనే ముసలావిడ రికార్డు చేసి పంపిన పాఠం అందులో నింపాదిగా వినిపిస్తోంది. బస్సు ఎక్కడ ఆగుతుంది? ఉనైసి పెదాలు కదిపింది. ఇవాళ మంచు పడుతోంది. మళ్ళీ కదిపింది. వద్దండీ, థాంక్స్. ఈసారి మాత్రం పైకే అనేసింది.

"ఎయ్, కీటోస్."

డ్రయరు దగ్గర దిండు గలేబులు లెక్కపెడుతున్న మిసెస్ గౌండర్ లెక్క తప్పి తల ఎత్తింది. లాండ్రీకి ఆవిడే సూపర్‌వైజర్.

"నీకు ఆ ఒక్క మాటే వచ్చా? పొద్దుట్నించీ అదే వింటున్నా."

"అదే సరిగ్గా రావట్లేదు మేడమ్."

"సరేగానీ, సూట్‌కేసు వచ్చిందా?"

"లితియా దగ్గరే ఉంది. డ్యూటీ దిగాక వెళ్ళి తెచ్చుకుంటా."

"రాత్రి విమానం పెట్టుకుని ఇప్పుడా తెచ్చుకునేది! నీతో నాకు బీపీ వస్తుందే."

ఊళ్ళో ఎవరికీ చెప్పని సంగతి ఈవిడకు చెప్పక తప్పలేదు, సెలవు కావాలి కదా. ఆవిడ చుట్టం కాదు. అదొక్కటే ధైర్యం.

ఉనైసి ఒడ్డూ పొడుగూ గల మనిషి. ముంజేతుల మీద ఇస్త్రీ యంత్రం పెట్టిన వాతలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. వేళ్ళ కొసలు ఎప్పుడూ నానిపోయి, ముడతలు పడి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన ఉంగరాల జుట్టు, చెవి వెనక మందార పువ్వు. పువ్వు ఆమె సరదా కాదు, రిసార్టు నిబంధన. లాండ్రీలోకి ఏ అతిథీ తొంగి చూడడు, అయినా పెట్టుకోవాలి. వయసు యాభైకి దగ్గర పడింది. పెళ్ళి కాలేదు. మా ఊళ్ళో ఆమెను ఎవరూ అడగనిది అదొక్కటే.

మిగతావన్నీ అడిగారు. మా దగ్గర కెరెకెరె అని ఒక మర్యాద ఉంది. చుట్టం వచ్చి ఫలానాది కావాలంటే ఇచ్చెయ్యాలి, గొడ్డలైనా, పడవైనా, నెల జీతమైనా సరే. ఇవాళ ఇచ్చినవాళ్ళు రేపు అడగవచ్చు, అలాగే అందరి బతుకులూ గడుస్తాయి అంటారు పెద్దలు. నిజమే కావచ్చు. కానీ ఉనైసికి ఇవ్వడం వచ్చినంత బాగా అడగడం రాలేదు. అలాంటి మనిషిని ఊరు వదులుతుందా? ఊరన్నా ఊరే, మూడొంతులు ఆమె చుట్టాలే.

నీలం సూట్‌కేసు సంగతే చూడండి. ఏదో ఒక దేశం వెళ్ళాలని, అక్కడి భాషలో కూరగాయలు బేరమాడాలని వయసులో ఉన్నప్పుడు నాందీ బజారులో ముచ్చటపడి కొనుక్కుంది. కొన్న నెలలోనే తమ్ముడు ఎమోసి సైన్యంలో సీనాయి ఎడారికి వెళ్తూ పట్టుకెళ్ళాడు. తరవాత అది ఆక్లాండు వెళ్ళింది. ఫ్రాన్సు వెళ్ళింది, జపాను వెళ్ళింది. ఒక చక్రం ఎక్కడో పోగొట్టుకుని, ఎవరెవరి చెమట వాసనో మోసుకుని తిరిగొచ్చేది. ఉనైసి మాత్రం మా దీవుల రాజధాని సూవా దాటి ఎరగదు. "పెట్టె నీకంటే నాలుగు దేశాలు ఎక్కువ చూసిందే టూరిస్టమ్మా" అని ఆట పట్టించేవాళ్ళు. ఆ పేరు అలాగే స్థిరపడిపోయింది.

పోనీ, వెళ్ళొచ్చినవాళ్ళు రెండు మాటలైనా నేర్చుకొచ్చారా? అదే ఆమెకు ఒళ్ళు మండే విషయం. సీనాయి నుంచి వచ్చిన తమ్ముణ్ణి, అక్కడ నీళ్ళని ఏమంటార్రా అని అడిగితే, "ఏమో అక్కా, మేమంతా మనవాళ్ళమే కదా, నీళ్ళని నీళ్ళే అన్నాం" అన్నాడు. వెళ్ళే యోగం ఉన్నవాడికి చెవులు లేవు. చెవులున్న మనిషికి యోగం లేదు.

భాషల దగ్గరా అదే గొడవ. ముందు ఫ్రెంచి మొదలుపెట్టింది. ఊరి కుర్రాడొకడు రగ్బీ ఆడటానికి ఫ్రాన్సు వెళ్ళేసరికి ఊరంతా బోంజూర్ మొదలుపెట్టి, వాడింటికి వెళ్ళి మకాం వేసే లెక్కలు వేశారు. ఆమె పుస్తకం మూసేసింది. జపనీసు ఎత్తుకుంది. ఇంకో కుర్రాడు, మళ్ళీ రగ్బీ. పోర్చుగీసు పట్టుకున్న ఏడాదే రగ్బీ ప్రపంచ కప్పులో పోర్చుగల్ మనవాళ్ళను ఒక్క పాయింటుతో ఓడించింది. ఆ వారమంతా చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆమెకు కావలసింది నిజానికి పెద్ద కోరిక కాదు. తనను అక్కా, అత్తా, వదినా అని పిలిచేవాళ్ళు ఒక్కరూ లేని వీధిలో కొన్నాళ్ళు నడవాలి. అంతే.

హెల్వి ఏటా వచ్చి రిసార్టులో నెల రోజులు ఉండేది. ఒకసారి ఊడిన బొత్తాం పట్టుకుని తనే లాండ్రీకి వచ్చింది. ఉనైసి ఆమెను మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ దేశంలో రగ్బీ ఆడతారా?" అని. ఎవరో కొద్దిమంది తప్ప ఆడరంది హెల్వి. "మా వాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?" తనకు తెలిసి లేరంది. ఉనైసి ఆ సాయంత్రమే ఫిన్నిష్ మొదలుపెట్టింది. మూడో ఏడు హెల్వి, వేసవికి మా ఇంటికి రా అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది: మా దగ్గర ఎవరేమిచ్చినా, ఏమడిగినా, వద్దనుకుంటే వద్దనవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఉనైసి నమ్మలేక మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకుంది.

ఈసారి ఊళ్ళో ఎవరికీ చెప్పకపోవడానికి కారణం ఉంది. వెనక జపాను టికెట్టు కొనుక్కున్నప్పుడు సంబరంగా అందరికీ చెప్పుకుంది. ఆ నెలలోనే తుఫాను వచ్చి తమ్ముడి ఇంటి కప్పు ఎగిరిపోయింది. అడిగాడు. టికెట్టు వాపసు చేసి రేకులు కొనిచ్చింది. ఆ రేకుల మీద వర్షం చప్పుడు వినపడినప్పుడల్లా, తప్పని తెలిసీ, ఆమెకు తమ్ముడి మీద మంటగానే ఉంటుంది. ఇది కూడా జారిపోతే మళ్ళీ టికెట్టు కొనే ఓపిక తనలో లేదని ఆమెకు తెలుసు.

డ్యూటీ దిగి నేరుగా లితియా ఇంటికి వెళ్ళింది. లితియా ఆమెకు పినతండ్రి కూతురు. ఆ మధ్య బ్రిస్బేన్‌లో కూతురి కాన్పుకని పెట్టె పట్టుకెళ్ళి, తల్లినీ బిడ్డనీ వెంటబెట్టుకుని వచ్చింది. చాప మీద పెట్టె బార్లా తెరిచి ఉంది. అందులో మెత్తగా గుడ్డలు పరిచి, పసివాణ్ణి పడుకోబెట్టారు.

"అక్కా, గట్టిగా మాట్లాడకు. ఇప్పుడే కన్ను మూశాడు."

"లితియా, నాకు పెట్టె కావాలే."

"తీసుకుపో. ఎవడొద్దన్నాడు? వాడు లేవనీ."

"చాప మీదే పడుకోబెట్టచ్చుగా."

"చాప మీద పడుకోడు దొర. వాడిది ఆస్ట్రేలియా నిద్ర. కూర్చో, టీ తాగు. ఇంత తొందరేం, ఎక్కడికైనా ప్రయాణమా టూరిస్టమ్మా?"

ఉనైసి చూపు పెట్టె మీదికి తిప్పుకుంది. "ప్రయాణమా, నా మొహమా. పురుగు పడుతుందని ఎండలో పెడదామని" అంది. అబద్ధం ఆడటం కూడా సరిగా రాదు ఆమెకు. లితియా పట్టించుకోలేదు కాబట్టి సరిపోయింది.

నిమ్మాకు టీ వచ్చింది, ఉడకబెట్టిన కర్ర పెండలం వచ్చింది. ఉనైసి పసివాడి కనురెప్పల వంక చూస్తూ కూర్చుంది. వాడు గుప్పిళ్ళు బిగించి గుర్రు పెడుతున్నాడు.

"బ్రిస్బేన్‌లో ఏం చూశావే?" కాలక్షేపానికి అడిగింది.

"చూసేదేముంది అక్కా. వంటిల్లు చూశా, చర్చి చూశా. చుట్టూ మనవాళ్ళే. ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడాల్సిన పని పడలేదు, దేవుడి దయ వల్ల."

దేవుడి దయట! ఉనైసి కప్పులోకి చూస్తూ పళ్ళు నూరుకుంది. విమానం ఎక్కి సముద్రం దాటి వంటిల్లు చూసొచ్చే భాగ్యానికి ఈ పెట్టె కావలసి వచ్చిందా అని అడగాలనిపించింది. అడగలేదు. టీ బాగుందంది.

వాడు లేచేసరికి నీడలు పొడుగవడం మొదలైంది. లేచినవాడు ఊరికే లేవలేదు, పెట్టె తడిపి మరీ లేచాడు. లితియా పడీ పడీ నవ్వింది.

ఉనైసి ఇంటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, పెట్టె లోపలంతా సబ్బు నీళ్ళతో తుడిచి, గుడ్డతో అద్ది ఆరబెట్టింది. రెండు గౌన్లు, ఒక స్వెట్టరు, చర్చికి వెళ్ళేటప్పుడు నడుముకు చుట్టుకునే సులు, చెప్పులు, హెల్వికి చిన్న చాప సర్దింది. వేసవైనా కావాలంటూ చలికోటు హెల్వి విమానాశ్రయానికి తెస్తానంది. పాస్‌పోర్టు, టికెట్టు రవికె లోపల దోపుకుంది. మూత వేసి క్లిప్పులు నొక్కింది. విమానాశ్రయానికి వెళ్ళే నాందీ బస్సుకి ఇంకా కొంచెం వేళ ఉంది. తొలిసారి కాస్త ఊపిరి తిరిగింది.

"వదినా!"

తోరికా, తమ్ముడి భార్య. పిలుస్తూనే లోపలికి వచ్చేసింది. మా ఊళ్ళో తలుపు దగ్గరగా వెయ్యడానికి అర్థమేమీ లేదు.

"లితియా చెప్పింది పెట్టె తెచ్చుకున్నావని. మంచిదైంది. మన ఇలిసోనికి ఆస్ట్రేలియా నుంచి కబురొచ్చింది వదినా, పళ్ళ తోటల పనికి. రేపు పొద్దున్నే ప్రయాణం. అత్తనడిగి పెట్టె తెమ్మన్నాడు." తోరికా వంగి పెట్టె పిడి పట్టుకుని ఎత్తబోయింది. "ఇదేంటి, ఇంత బరువుంది?"

"లితియా గుడ్డలు" అంది ఉనైసి.

తమ్ముడి కొడుకు ఇలిసోని ఆమె చేతుల్లో పెరిగాడు. వాడి పాలపళ్ళు ఊడగొట్టింది ఆమే, వాడికి బూట్ల తాళ్ళు కట్టడం నేర్పిందీ ఆమే. వాడికీ ఓడలంటే, విమానాలంటే పిచ్చి. కానీ ఇది తన పెట్టె. ఒక్కసారికి, ఒక్క ప్రయాణానికి తనకు కావాలి. ఎన్నాళ్ళుగానో దుప్పట్లకూ మిషన్లకూ వినిపిస్తూ వచ్చిన మాట గొంతు దాకా వచ్చింది. ఆ భాషలో కాకపోతే ఈ భాషలో అనవచ్చు, అదీ రెండక్షరాలే. తోరికా ఎదురుగా నిలబడి నవ్వుమొహంతో ఎదురుచూస్తోంది.

"సరే. చీకటి పడేలోపు వచ్చి పట్టుకుపో. ఖాళీ చేసి ఉంచుతా" అంది ఉనైసి.

ఏం చెయ్యను ఇలాంటి మనిషిని! టికెట్టు ఉంది, వీసా ఉంది, ప్రపంచంలో ఎక్కడా చుట్టాలు లేని చోటు వెతుక్కుంది, చివరికి పెట్టె మాత్రం ఇచ్చేసింది.

తోరికా వెళ్ళాక ఆమె నేల మీద చతికిలబడి కాసేపు ఏడ్చింది. దుఃఖం కాదు, పచ్చి కోపం. అడిగినవాళ్ళ మీద కంటే సరేనన్న తన నోటి మీద. తరవాత ముక్కు చీదుకుని లేచి, క్లిప్పులు తీసి, సర్దినవన్నీ బయట పెట్టింది. వాటిని దేంట్లో తీసుకెళ్ళాలి? ఇంట్లో ఇంకో సంచి లేదు. ఉన్న రెండూ ఎవరో అడిగి పట్టుకెళ్ళారు. కిటికీకి కర్టెన్‌గా వేలాడుతున్నది రిసార్టు వాళ్ళు పారేసిన పాత దుప్పటి. దాన్ని లాగి, నేల మీద పరిచి, బట్టలు మధ్యలో పెట్టి, నాలుగు కొసలూ ముడి వేసింది. ముడి మాత్రం గట్టిగా, పనివాళ్ళ ముడి వేసింది.

పెట్టె లోపల మళ్ళీ ఒకసారి తుడిచింది. తలుపు పక్కన, తోరికా రాగానే కనపడేలా నిలబెట్టింది. ఇలిసోనికి చక్రం పోయిన వైపు ఎత్తి పట్టుకోవాలని చెప్పడం మరిచిపోయానే అనుకుంది. ఆ అబ్బాయి తల ఒకసారి నిమరాలనిపించింది. నిమిరితే తను ఏడుస్తుంది, ఏడిస్తే వాడు ఎందుకని అడుగుతాడు. మూట భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

బస్సు రోడ్డు ఊరికి అటు చివర. ఆ చివరి దాకా వరసగా ఇళ్ళే, ఇళ్ళ ముందు మనుషులే. ఉనైసి మూట ముడి ఒకసారి తడిమి చూసుకుని నడక మొదలుపెట్టింది. కత్తితో గడ్డి కోస్తున్న సకరాయా తాత తల ఎత్తాడు.

"ఎక్కడికే?"

మా దగ్గర ఎదురైన ప్రతివాళ్ళనూ అడిగే మాటే అది.

"ఇలాగే తాతా."

తాత మూట వంక చూశాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె భుజం మీద చూస్తున్న మూటే. "ఈ వేళప్పుడు కూడా ఉతుకులేనా? నిన్ను చంపుకుతింటున్నారే ఆ హోటలు వాళ్ళు" అని మళ్ళీ గడ్డి మీదికి వంగాడు.

అరుగు మీద చాప అల్లుతున్న ఆడవాళ్ళు చెయ్యి ఊపారు. లితియా వాకిట్లో పసివాణ్ణి ఆడిస్తూ, "మా దొర గుడ్డలు కూడా అందులో వెయ్యనా అక్కా?" అని నవ్వింది. ఉనైసి కూడా నవ్వింది. నడుస్తుంటే మెల్లగా తెలిసివచ్చింది ఆమెకు. ఆ నీలం పెట్టె లాక్కుంటూ ఈ దారిన వచ్చి ఉంటే మూడో ఇంటి దగ్గరే పట్టుబడి, ఊరంతా చుట్టూ చేరి, ప్రార్థనలు చేసి, అందరూ కూర్చుని తాగే కావా కలిపి, కోరికలు కోరి, బస్సు వెళ్ళిపోయాక గానీ వదిలేవాళ్ళు కాదు. ఆమె నడక జోరందుకుంది. వంతెన దగ్గర నాందీ బస్సు ఆగింది. ఎక్కి, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చీకటి పడకముందే తోరికా వచ్చింది. వాకిట్లోంచే కేకేసింది. పలుకు లేదు. లోపలికి వచ్చి, "వదినా, పెట్టె కోసం వచ్చా!" అని ఇంకోసారి అరిచింది. మళ్ళీ లాండ్రీకి పిలిచారు కాబోలు, ఈవిడకు ఇంటి ధ్యాసే లేదు, పోతే పోయింది, రేపు కుర్రాణ్ణి సాగనంపే వేళకైనా రాకపోతుందా అనుకుంది. అయినా పెట్టె ఇక్కడే ఉంది, ఈ మనిషి ఎక్కడికి పోతుంది? ముందు ఇంటికి వెళ్ళి ఇలిసోనిని పంపుదాంలే, వాడే మోసుకెళ్తాడని వెనక్కి తిరిగింది. కర్టెన్ లేని కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి వచ్చి, తలుపు పక్కన మూడు చక్రాల మీద కాస్త ఒరిగి నిలబడిన నీలం పెట్టె మీద పడుతోంది.