ఆకుపచ్చ చుక్క

తమ్ముడు బస్సు దిగి నాలుగడుగులు వేసి, డయాలసిస్ సెంటరు గేటు పట్టుకుని ఆగిపోయాడు.

"కాళ్లు రావట్లేదక్కా. సిమెంటు పోసినట్టున్నాయి."

లోపల టెక్నీషియన్ వాడి మొహం చూడలేదు. ఫోను చూశాడు. తమ్ముడి ఛాతీకి అతికించిన బిళ్ళ గుండె గీతని ఆ ఫోనుకి పంపుతుంది. కిడ్నీలు పోయినవాళ్లకి ఒంట్లో పొటాషియం పేరుకుంటే కాళ్లు బరువెక్కుతాయి, గీత మారి ఎర్ర చుక్క వెలుగుతుంది. ఎరుపైతే వెంటనే డయాలసిస్. ఆకుపచ్చైతే రేపు రా. ఇదీ వీళ్ల కొత్త పద్ధతి.

"ఆకుపచ్చే ఉందమ్మా. రేపు తీసుకురండి."

"రేపటికి ఉంటాడా?"

"గీత మారలేదు కదా."

"దేనితో పోలిస్తే మారలేదు?"

"ఆయన గీతతోనే. బిళ్ళ పెట్టిన రోజు తీసింది. అదే ఆయన నార్మల్."

నార్మల్! నాకు ఒళ్లు మండిపోయింది. మెషిన్లు పాడై మూతపడ్డ సెంటరు మళ్లీ తెరిచిన రోజది. అన్నాళ్లూ డయాలసిస్ లేక వీడు గోడ పట్టుకుని వచ్చాడు. రక్తం శుభ్రం చేశాక తియ్యాల్సిన గీతని ముందే, బెంచీ మీదే తీసేశారు. అయ్యాక జనం బస్సుకి పరిగెడతారట, దొరకరట. విషం నిండిన గుండెని నార్మల్ అని మెషిన్‌కి నేర్పారు. ఇక వీడు చచ్చేదాకా ఆకుపచ్చే.

"డయాలసిస్‌కి ముందే తీశారు కదయ్యా?"

"అందరికీ అలాగే తీశామమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"రక్తం తీసి చూడు."

"డాక్టరుగారు చెప్పాలి."

"చెప్పించు." ఖాళీగా ఉన్న డయాలసిస్ కుర్చీలో కూర్చున్నాను.

"అది పేషెంట్ల కుర్చీ అమ్మా."

"నా పేషెంటుని కూర్చోబెట్టు, లేస్తాను."

"మా అక్కతో పెట్టుకోకు బాబూ," అన్నాడు తమ్ముడు, గోడకి జారబడి. "చిన్నప్పుడు నా బలపాలన్నీ ఇలాగే లాక్కుంది."

రక్తం తీశారు. రిపోర్టు చూసిన డాక్టరమ్మ నడిచి రాలేదు, పరిగెత్తుకొచ్చింది. నేను లేచాను. వాణ్ణి కూర్చోబెట్టి సూదులు గుచ్చారు. ఫోనులో చుక్క ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

"మీవాడికి చూశాం కదా, బయట కూర్చోండి," అంది డాక్టరమ్మ.

కూర్చుంటానా? బయట బెంచీల దగ్గర, రేపు రమ్మన్నవాళ్లు సంచులు సర్దుకుంటున్నారు. వాళ్లకి అడ్డంగా నిలబడ్డాను.

"ఆ చుక్క అబద్ధం. మీ అందరికీ గీత తప్పుగా తీశారు. రక్తం తీసి చూసేదాకా ఎవరూ ఇళ్లకి కదలకండి."

ఒక పెద్దాయన సంచీ కింద పెట్టేశాడు.

"ఎలాగూ కాళ్లు రావట్లేదులే తల్లీ."