మూడో రోజు కూడా చూడండి

దసరా మర్నాడు మధ్యాహ్నం మా ఆయనకు అన్నం క్యారియర్ తీసుకుని కంపెనీ గేటు దగ్గరికి వెళ్లేసరికి బీరమ్మను పనిలోంచి తీసేస్తున్నారు.

గేటుకు అవతల కాంట్రాక్టర్ సంగయ్య, ఇవతల బీరమ్మ. ముప్ఫై నాలుగేళ్ల మనిషి. కొంగు నడుముకు బిగించి, గేటు చువ్వను ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. ఆ చువ్వను వదిలితే నిలబడలేదని నాకప్పుడు తెలియదు.

"రేపటి సంది రాకు," అంటున్నాడు సంగయ్య. "జ్వరమొచ్చి రెండు నెల్లాయె. ఇంక కాళ్లు గుంజుతున్నయి, కండ్లు తిరుగుతున్నయని కతలు పడ్తున్నవ్. బతుకమ్మ కాడ మాత్రం కాళ్లు మంచిగనే లేస్తయా?"

"ఎవలు జెప్పిన్రు నీకు?"

"మేనేజర్ సారు ఇంటామె కండ్లార చూసింది. 'జ్వరమన్నోళ్లు చప్పట్లు కొట్టుకుంట తిరుగుతున్నరు' అన్నదట."

అవి నా మాటలే. మా ఇంట్లో కంచం ముందు అన్న మాటలు గేటు దాకా నడిచి వచ్చాయి.

బీరమ్మ తిరిగి నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"అవునమ్మా, ఆడిన," అంది. "మూడు సుట్లు. నాలుగోది ఆడలె." ఆ మాటంటూనే చువ్వ వదిలి మట్టిలో కూలబడింది.

నేను ఆమెను దాటుకుని లోపలికి వెళ్లి, క్యారియర్ ఇచ్చి, తలవంచుకుని తిరిగి వచ్చాను. అన్నిటికంటే ముందు నేను ఒప్పుకోవలసింది ఇదే.

బొంతపల్లి రోడ్డు మీద మందు గోళీలు తయారుచేసే కంపెనీ అది. ప్యాకింగు హాలులో నలభై మంది ఆడవాళ్లు బల్లలకు అటూ ఇటూ, మోచేయి మోచేయి రాసుకునేటంత దగ్గరగా కూర్చుని గోళీల పట్టీలను డబ్బాల్లో సర్దుతారు. హాలుకు రోడ్డు వైపు ఆరు కిటికీలు. వాటిలోంచి పట్టీలు బయటికి విసిరి దొంగిలిస్తున్నారని అనుమానించి, సంగయ్య ఆరింటికీ చెక్కలు అడ్డంపెట్టి మేకులు కొట్టించాడు. గాలి బయటికి లాగే ఫ్యాను ఎండాకాలంలో కాలిపోయింది. కొత్తది తేలేదు. మా ఆయన అక్కడ మేనేజరు. ఆయన గది మేడ మీద. దాని కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కింద గేటు దగ్గర నిలబడి చూస్తే పరదా ఊగుతూ కనిపిస్తుంది.

ఆ ఏడు శ్రావణంలో ఒకామె దగ్గుతూనే పనికి వచ్చింది. రాకపోతే నాగా పెట్టి కూలి కోస్తారని భయం. పది రోజుల్లో నలభై మందిలో ముప్ఫై ఒక్కరికి జ్వరం వచ్చింది. జ్వరం గోళీలు సర్దే చేతులే జ్వరంతో కాలిపోయాయి. ఇరవై రెండు మంది కోలుకున్నారు. తొమ్మిది మంది కోలుకోలేదు. కోలుకోలేదంటే ఎప్పుడూ మంచాన ఉన్నారని కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఒకరోజు అందరిలాగే పని చేసేవాళ్లు. ఆ తర్వాత రెండు రోజులు కనిపించేవాళ్లు కారు. కంపెనీకి కనిపించిన రోజే లెక్క.

నాకూ అంతే. నా కన్ను తప్పదని నాకు గర్వం. పప్పులో ఒక్క రాయిని వదలను. పనిమనిషి ఏ మూల ఊడ్వలేదో గుమ్మంలోంచే చెబుతాను. సద్దుల బతుకమ్మ రోజు మా క్వార్టర్ల ముందు మైదానంలో బీరమ్మ ఆడుతుంటే అదే కన్నుతో చూశాను. ఇంట్లోంచి సత్తుపిండి తెచ్చి పంచుదామని లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. ఎందుకు లేదని అడగలేదు. పెరుగు వడ్డిస్తూ మా ఆయనతో నవ్వుతూ ఆ మాట అన్నాను. డిగ్రీ చదివిన దాన్ని. మాట ఎక్కడికి పోతుందో నాకు తెలియదా?

గేటు దగ్గర ఆమె కూలబడిన మర్నాడు పొద్దున్నే బీరమ్మ ఇంటికి వెళ్లాను. ఒక్క గది, ముందు రేకుల పంచ. ఆమె మంచంలో గోడ వైపు తిరిగి ఉంది. పక్కన హన్నా కూర్చుని ఉంది. హాలులో బీరమ్మకు ఎదురుగా కూర్చునేది ఆమే. తనకూ జ్వరం వచ్చి, తగ్గింది.

"ఇంక ఏం చూసి పోదామని వచ్చినవమ్మా?" అంది హన్నా. "చూడు, మంచిగ చూడు. నీళ్ల చెంబు గూడ లేపలేకపోతున్నది. పోయి చెప్పు సారుకు."

"తప్పయింది," అన్నాను.

"ఒక్క ముక్కల అయిపోయిందా?"

"ఊకో హన్నక్కా." బీరమ్మ మెల్లగా ఇటు తిరిగింది. ఆ కాస్తకే కళ్లు మూసుకుని కొంతసేపు ఆగింది. "అమ్మా, ఎండిన బోరు చూసినవా? మోటరు పెట్టంగనే నీళ్లు దుంకుతయి. రెండు బిందెలు నిండుతయి. ఇగ గాలే కక్కుతది. మల్ల ఊరాలంటే దినాలు పడ్తది. నా పెయ్యి గట్లయింది. చేసిన దినం ఏం గాదు. మర్నాడు కాళ్లు నాయి కావు. మూడో నాడు తల గూడ నాది కాదు. ఏం జెప్తున్ననో నాకే యాదికుండది."

"మరి ఎందుకు ఆడినవ్?" అని అడిగాను. ఎంత నీచమైన ప్రశ్నో నోరు దాటాక తెలిసింది.

"రెండు నెల్లాయె నవ్వక," అంది బీరమ్మ. "మూడు సుట్లకు ఎంత ఖర్సయితదో నాకెరుకే. అయినా ఆడిన. గది గూడ ఆడొద్దా?"

హన్నా నా ముందు నీళ్ల గ్లాసు పెట్టింది. తాగడానికి సిగ్గేసింది. తాగకుండా రావడానికి ఇంకా సిగ్గేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక హన్నా వాళ్ల చర్చి వరండాలో మీటింగు పెట్టారు. కోలుకోని తొమ్మిది మందిలో ఏడుగురు గోడకు ఆనుకుని కూర్చున్నారు. మిగతావాళ్లు, లోడింగు షెడ్డు ఆడవాళ్లు, యూనియన్ యాదన్న వచ్చారు. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ముందు బోనస్ సంగతి చూద్దాం," అన్నాడు యాదన్న. "గాలి కోసం సమ్మె చేసినోళ్లు ఎక్కడన్న ఉన్నరా? జనం నవ్వుతరు."

"నవ్వనీ," అంది హన్నా. "బోనస్ తీసుకుని మల్ల ఆ డబ్బ లెక్కున్న హాల్లనే కూసోవాల్నా? రేపు ఇంకో జ్వరమొస్తది. ఇంకో తొమ్మిది మంది పడ్తరు. అప్పుడేం జేస్తవ్?"

వెనక నుంచి ఒకామె లేచింది. "మా బాధ గూడ ఇనుండ్రి. వీళ్లు రాకుంటే వీళ్ల పని మా నెత్తి మీద పడ్తున్నది. మాకేమన్న ఇనుప చేతులున్నయా?"

"అది వీళ్ల మీద కోపమా, సంగయ్య మీదనా?" అని అడిగింది హన్నా. "మనుషులను తక్కువ పెట్టింది ఎవడు?"

గొడవ పెరిగింది. జ్వరం ఊరి నీళ్ల వల్ల వచ్చిందని ఒకరు, బస్సులో అంటుకుందని ఒకరు. అప్పుడు లోడింగు షెడ్డులో డబ్బాలు మోసే ముత్యమ్మ చెయ్యెత్తింది.

"మేము గూడ అదే నీళ్లు తాగుతం. అదే బస్సుల వస్తం. ఇరవై మందిమి ఉన్నం. మా షెడ్డుల ఇద్దరికే వచ్చింది. మీకు ముప్పై మందికి ఎందుకొచ్చింది?"

"ఎందుకొచ్చిందో నువ్వే చెప్పు," అంది హన్నా.

"మా షెడ్డుకు గోడల్లేవు," అంది ముత్యమ్మ. "గంతే."

యాదన్న కొంచెంసేపు తల గోక్కున్నాడు. "కంపెనీ ఏమంటదో తెలుసా? బయట మందుల నీళ్లు కలిసిన వాగు కంపు, కిటికీలు మూసింది మీ మంచికే అంటది."

"కంపు గాలైనా మంచిదే," అంది గోడ దగ్గరి నుంచి బీరమ్మ. "కదిలే గాలి కావాలె. ఒకల నోట్లకెల్లి వచ్చిన గాలి ఇంకొకల నోట్లకు పోతున్నది. ఎంగిలి అన్నం తినమంటే తంతం గదా? ఎంగిలి గాలి ఎట్ల పీలుస్తున్నం?"

మూడు కోరికలు తేల్చారు: ఆరు కిటికీలూ తెరవాలి, ఫ్యాను పెట్టాలి. దగ్గూ జ్వరమూ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే నాగా పెట్టొద్దు. తొమ్మిది మందినీ వాళ్ల ఓపిక కొద్దీ పనిలో ఉంచాలి. "చదువుకున్నదానివి, రాస్తవా?" అని హన్నా కాగితం నా వైపు తోసింది. రాశాను.

ఆ కాగితం అందాక కంపెనీ ఒక షరతు పెట్టింది. తొమ్మిది మందీ డాక్టరు ముందు మేడ మెట్లు ఎక్కాలి. ఎక్కగలిగితే రోగం లేనట్టు. ఆ తర్వాత రాకపోతే పని పోయినట్టు. ఎక్కలేకపోతే పనికి పనికిరానట్టు.

"ఎటు చూసినా ఉరే," అంది హన్నా. "పోవద్దు. మన నొప్పిని మనమే తమాషా చెయ్యాల్నా? ఎక్కితే మల్ల వారం దినాలు పండవెడ్తది నిన్ను."

"ఎట్లయినా పండుకునుడే గదా," అంది బీరమ్మ. "ఇంట్ల పండుకుంటే సోమరి అంటున్నరు. ఈసారి వాళ్ల గేటు కాడనే పండుకుంట. ఎక్కుతం. మూడో నాడు గూడ చూడుమను."

మెట్లెక్కే రోజు గేటు దగ్గర జనం పట్టలేదు. షిఫ్టు దిగినవాళ్లు, పక్క కంపెనీలవాళ్లు, సంగారెడ్డి కాలేజీ నుంచి వచ్చిన విద్యార్థులు. గేటులోంచి కనిపించే మేడకు ఇరవై రెండు మెట్లు. పైన డాక్టరు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. తొమ్మిది మందీ ఎక్కారు. బీరమ్మ పైకెక్కి, కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది కూడా.

"ఇంకేంది!" సంగయ్య జనం వైపు తిరిగి చప్పట్లు చరిచాడు. "కోతుల లెక్క ఎక్కిన్రు. సారు ఇంటామె చెప్పిందే నిజమాయె!"

నా పక్కనున్నవాళ్లు నన్ను చూశారు. పైన పరదా ఊగుతోంది. దాని వెనక మా ఆయన ఉన్నాడని తెలుసు. "నువ్వు గేటు దగ్గరికి వస్తే నా ఉద్యోగం పోతుంది" అని పొద్దున చెప్పాడు.

"సంగయ్యా," అన్నాను. "నేను చూసింది నిజం. చెప్పింది అబద్ధం."

"ఏందమ్మా?"

"మూడు సుట్లు చూసిన. సత్తు తేనీకి లోపలికి పోయిన, నాలుగోది చూడలె. మర్నాడు చూడలె. ఆమె ఇల్లు నా ఇంటికి రెండు ఫర్లాంగులు. చూడనీకి పోలె. సగం చూసి మొత్తం చెప్పిన. నా మాట మీద ఆమె పని తీసేసిన్రు. ఇంత మంది ముందర చెప్తున్న, ఆ మాట వాపసు తీసుకుంటున్న."

నేను మంచి పని చేశానని ఎవరూ అనలేదు. అనవలసిన పనీ లేదు. ఒక కాలేజీ అమ్మాయి మాత్రం గట్టిగా అరిచింది: "మూడో రోజు కూడా చూడండి!" ఆ మాటను జనం అందుకున్నారు. పైన పరదా కదలడం ఆగిపోయింది. కిటికీ మూశారు.

రెండో రోజు నలుగురే లేచారు. మూడో రోజు ముగ్గురు.

మూడో రోజు పొద్దున ఎనిమిది గంటలకు బొంతపల్లి రోడ్డు మీద ఆరు మంచాలు వచ్చాయి. నులక మంచాలు. ఒక్కొక్క దాన్ని నలుగురు మోస్తున్నారు: లోడింగు షెడ్డు ఆడవాళ్లు, యాదన్న మనుషులు, విద్యార్థులు. లారీల డ్రైవర్లు హారన్లు ఆపి చూశారు. మొన్న "వీళ్ల పని మా నెత్తి మీద" అని లేచిన ఆమె ముందు మంచం కాలు పట్టుకుని నడుస్తోంది. గేటుకు అడ్డంగా ఆరింటినీ దించారు. లేవగలిగిన ముగ్గురూ వాటి పక్కన కింద కూర్చున్నారు.

"డాక్టర్ సాబ్‌ను పిలువుండ్రి," అంది హన్నా. "గడియారం గూడ తెమ్మనుండ్రి."

డాక్టరు రాలేదు. పోలీసు జీపు, వెనకాలే వ్యాను వచ్చాయి. ఎస్సై దిగి లాఠీతో మంచం పట్టె మీద కొట్టాడు. "లేవండి. డ్రామాలు చాలు."

ఆ చప్పుడుకే బీరమ్మ రెండు చెవులూ మూసుకుంది. వెలుతురు భరించలేక కళ్ల మీద తడిగుడ్డ ఉంది. దాని కిందినుంచే అంది: "లేస్తె రోగం లేదంటరు. లేవకుంటే డ్రామా అంటరు. ఏది జెయ్యాల్నో మీరే చెప్పుండ్రి సారూ."

జనం నవ్వారు. ఎస్సైకి ముఖం ఎర్రబడింది. ముందు యాదన్నను పట్టుకున్నారు. హన్నాను ఇద్దరు లేడీ కానిస్టేబుళ్లు చెరో రెక్కా పట్టి లాగారు. ఆమె వ్యాను మెట్టు మీద నిలబడి, తల వెనక్కి తిప్పి, మూసిన హాలు వైపు గొంతెత్తింది. చర్చిలో పాట అందుకునే గొంతు అది.

"లోపలున్నోళ్లారా! చెక్కల ఇవతల మేమున్నం! మీరేం జేస్తున్నరే?"

వ్యాను తలుపు మూశారు.

తర్వాత హాలులోంచి దెబ్బ వినిపించింది. ఒకటి. ఇంకొకటి. తర్వాత లెక్క పెట్టలేనన్ని. పీటలతో కొడుతున్నారో, డబ్బాలు తెరిచే ఇనుప పట్టీలతో పెకలిస్తున్నారో తెలియలేదు. సంగయ్య "ఏయ్, ఏయ్" అంటూ లోపలికి పరుగెత్తాడు. అతను చేరకముందే మొదటి కిటికీ చెక్క మేకులతో సహా ఊడి రోడ్డు వైపు పడింది. ఆ సందులో ముఖాలు, చేతులు. దుమ్ముకు దగ్గుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బయటి గాలి పీలుస్తున్న ముఖాలు. వాగు మీంచి వచ్చే మందుల కంపు గాలే అది. అయినా కదిలే గాలి. లోపల గోడకున్న క్యాలెండరు కాగితాలు పటపట కొట్టుకోవడం నేను విన్నాను.

రెండో చెక్క పడింది.

పోలీసులు ఇప్పుడు మంచాల మీదికి వచ్చారు. మనుషులు లేవకపోతే మంచాలతోనే వ్యానులోకి ఎక్కించమన్నాడు ఎస్సై. బీరమ్మ మంచానికి ఒక మూల పట్టుకునేవాళ్లు లేరు. హన్నా పట్టుకున్న మూల అది. నేను వెళ్లి పట్టుకున్నాను. మంచాన్ని పైకి లేవనివ్వకుండా బరువంతా కిందికి వేశాను. మిగతా మూడు మూలలా ముగ్గురు ఆడవాళ్లు అదే చేశారు.

"ఎవలు?" అంది బీరమ్మ, గుడ్డ తీయకుండానే.

"కౌసల్యను."

ఆమె పెదవులు కొంచెం వంగాయి. "ఈసారి సత్తు తెస్తనని లోపలికి పోతవా?"

"పోను."

"అయితే మొత్తం చూడు."

మూడో చెక్క పడింది. లాఠీ నా మణికట్టు మీద పడింది. చెయ్యి తీయలేదు. కళ్లూ మూయలేదు.