చక్రం ఆగిన చోట

ఊరంతా విన్న పాటల్ని ఆ దర్జీ ఒక్కడే వినలేదు. పాడింది మాత్రం ఆయన కట్టుకున్న భార్యే.

పాడింది కూడా ఎక్కడో కాదు, కొట్టు వెనక గదిలోనే. మధ్యలో ఉన్నది ఒక్క తలుపు, అదీ సరిగ్గా మూతపడదు. అయినా మిషను చప్పుడులో మాటలేవీ ఆయన చెవిన పడేవి కావు. ఆవిడ తమ్ముడు ఒక మైకూ నాలుగు వైర్లూ పట్టుకొచ్చి, నెల్లాళ్లపాటు మధ్యాహ్నాలు ఆ గదిలో తిష్ఠవేసి, ఎనిమిది పాటలు రికార్డు చేసి, ఆల్బమ్ అని జనం మీదికి వదిలాడు. పాటలన్నీ ఆవిడ రాసుకున్నవే. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆవిడ పాడుతుందని దర్జీకి తెలుసు గానీ రాస్తుందని తెలియదు. తనంతట తనే వినిపిస్తుందిలే అని చూశాడు. ఆవిడ వినిపించలేదు. అడగడానికి ఈయనకి మొహమాటం. కొలతలు తప్ప మనుషుల్ని మరో మాట అడగడం చేతకాని రకం.

అప్పట్నుంచి కొట్టుకి వచ్చేవాళ్ల వరసే మారిపోయింది. ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చిన నర్సమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "మేడం బాగున్నారా?" అని ఆయన భుజం మీదుగా తలుపు వైపు తొంగిచూసింది.

"బాగానే ఉందండీ."

"మీరు అలాగే అంటారు లెండి" అని ప్యాంటు ఆయన చేతిలో పడేసి వెళ్లిపోయింది.

పోస్టుమాస్టరు కోటుకి కొలతలిస్తూ, "మా ఇంటిదాన్ని రోజూ ఏడిపిస్తున్నావయ్యా నువ్వు" అన్నాడు. ముఖం కూడా ఎరగని మనిషిని తానెలా ఏడిపించాడో దర్జీకి బోధపడలేదు. గుండుసూదులు నోట్లో పెట్టుకుని చంక కొలిచాడు. నోట్లో సూదులుంటే మాట్లాడక్కర్లేదని ఆయన ధీమా. అదే ఆయన కొంప ముంచింది. మాట్లాడితే దబాయిస్తున్నాడంటారు, మాట్లాడకపోతే చూశావా, పాటలో ఉన్నట్టే ఉన్నాడంటారు. ఇంక మనిషి ఎటు పోవాలి?

ఒకరోజు మధ్యాహ్నం బావమరిది చేతులూపుకుంటూ వచ్చాడు. అక్క కూరగాయలకి వెళ్లింది. వాడు బల్ల మీదున్న కత్తెర పక్కకి నెట్టి కూర్చుని, ఫోను తీశాడు.

"బావా, జనం పడి చస్తున్నారు. విను. 'ఆ గుసగుస గొంతు వింటుంటే నన్నే ఎవరో గదిలో పెట్టి గడియ వేసినట్టుంది.' ఇంకొకావిడ చూడు, 'వెనకాల వినిపించే టకటక ఏ వాయిద్యమో గానీ, జైలు గోడ గుండె చప్పుడులా ఉంది' అట."

"టకటక ఏమిటి?"

"నీ మిషనే. తీసెయ్యడం కుదర్లేదు, ఉంచేశా. ఇప్పుడు అదే అందరికీ నచ్చింది. ఇంకా విను. 'మూడో పాటలో ఆ చప్పుడు ఆగిపోతుంది చూశారా, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. వాడు వింటున్నాడు.'"

"వాడంటే ఎవరు?"

బావమరిది నాలిక్కరుచుకుని గుండీల డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాడు.

దర్జీ నోట్లో పెట్టుకోబోయిన సూదుల్ని ఒక్కొక్కటే దిండుకి గుచ్చాడు. "మూడోది పెట్టు" అన్నాడు.

పెట్టాడు. ముందు మిషను, దాని వెనకాల ఊపిరంత సన్నంగా ఆవిడ గొంతు. కాస్త పైకి లేవబోయింది. మిషను ఆగింది. వెంటనే గొంతు కిందికి దిగిపోయింది, గుసగుసలోకి.

*నా గొంతు లేవగానే ఆగుతుంది చక్రం,*
*ఆగిన చోటే నన్ను నేను మింగేస్తాను.*

దర్జీ చెయ్యి చక్రం మీదికి వెళ్లింది. నిజమే, ఆపేవాడు. పన్నెండేళ్లుగా ఆపుతూనే ఉన్నాడు. ఆవిడ లోపల గిన్నెలు కడుగుతూ కూనిరాగం అందుకోగానే, మిషను చప్పుడు అడ్డం రాకూడదని చక్రం మీద అరచెయ్యి వేసి, కాలు ఎత్తి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. పెళ్లివాళ్ల బట్టలు ఆలస్యమై తిట్లు తిన్న రోజుల్లో కూడా మానలేదు. ఆవిడ పాట ఎప్పుడూ అంతలోనే సన్నబడిపోయేది. సిగ్గేమో అనుకున్నాడు. ఇంట్లో మనిషి తనకి జడిసి ఇన్నేళ్లు గొంతు నొక్కుకుందన్న మాట. అవమానం కాదు, కోపమూ కాదు, పచ్చి దుఃఖం వచ్చిందాయనకి.

"రెండో ఆల్బమ్ కూడా ఇలాగే కావాలంటున్నారు బావా" అన్నాడు బావమరిది, మెల్లగా. "అదే గొంతు, అదే మిషను. మీరిద్దరూ ఏం మారకండి."

"నువ్వు ఇంటికెళ్లు" అన్నాడు దర్జీ.

ఆవిడ సంచీతో వచ్చేసరికి ఆయన మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

"విన్నాను" అన్నాడు.

ఆవిడ సంచీ దించలేదు. "ఎన్నోది?"

"మూడోది. నీకు అడ్డం రాకూడదని ఆపేవాణ్ణి. వినాలని ఆపేవాణ్ణి."

ఆవిడ ఆయన చేతికేసి చూసింది. "విసుక్కుంటున్నారనుకున్నాను. ఒక్కసారైనా బాగుందని అనలేదు మీరు."

"నువ్వు ఆపేస్తావేమోనని."

"నేను ఆపేస్తూనే ఉన్నాను కదండీ."

ఆయన మిషను వైపు తిరిగాడు. పనికిరాని గుడ్డముక్క ఒకటి సూది కింద పెట్టాడు. "వెళ్లి పాడు. ఈసారి ఆపను."

ఆవిడ లోపలికి వెళ్లింది. ఎంతోసేపటికి రాగం మొదలైంది. అలవాటున ఆయన కాలు నెమ్మదించింది. ఆ క్షణమే లోపల గొంతు తగ్గింది. ఉలిక్కిపడి గట్టిగా తొక్కాడు. గొంతు లేచింది. ఇంకా తొక్కాడు, ఇంకా లేచింది. మిషనుని దాటి, తలుపుని దాటి, పన్నెండేళ్లలో ఆయనెన్నడూ ఎరగని ఒక పెద్ద గొంతు కొట్టులోకి వచ్చింది. గొంతే వచ్చింది. మాటలు ఒక్కటీ తెలియలేదు, అన్నీ టకటకలో కలిసిపోతున్నాయి.

ప్యాంటు కోసం వచ్చిన నర్సమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలి పాట వింది, బయట తల వంచుకుని తొక్కుతున్న మనిషిని చూసింది.

"ఆవిడ అంత బాగా పాడుతుంటే, ఆ మిషను కాసేపు ఆపకూడదూ?" అంది అసహ్యంగా.

ఆపి వినాలని ఆయనకీ ప్రాణం కొట్టుకుంటోంది. సూదులు నోట్లో పెట్టుకుని, కుట్టిన చోటే మళ్లీ కుట్టుకుంటూ పోయాడు.