‘స’ దగ్గర ఎరుపు

తెలుగు టీచరుగా రిటైరయ్యాక కుముదినికి ఆదివారాలు మాత్రమే బడి. పెరంబూరులో తెలుగు సంఘం వాళ్ల హాల్లో చుట్టుపక్కల ఇళ్ల పిల్లలకు అక్షరాలు నేర్పుతుంది. ఆ పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం తమిళంలో. తమిళంలో ఒకే అక్షరం ఇన్ని పనులు చేస్తుంటే తెలుగులో స, శ, ష అని మూడెందుకో వాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు. అది ఎప్పుడూ ఉన్న తంటానే. కానీ ఈ ఏడాది వచ్చిన పిల్లలు ఆ అక్షరాల్ని సగానికి సగం మింగేస్తున్నట్టు అనిపించసాగింది ఆమెకు. ఇంట్లో పదే పదే వింటే నాలుక తిరుగుతుందని, ఆ మూడక్షరాల మీద వీడియో పాఠాలు తీయాలనుకుంది.

కెమెరా ఆమె తమ్ముడి కూతురు శ్రేయది. నగరానికి ఆ చివర షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తున్న ఆ అమ్మాయి ఒక శనివారం కెమెరా, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు, హెడ్‌ఫోన్లు తెచ్చి అత్త ముందు పెట్టింది.

“అత్తా, స్క్రీను మీద ఈ గీత చూడు. నువ్వు మాట్లాడితే కుడివైపుకి పరిగెత్తుతుంది. పచ్చగా ఉన్నంతవరకు ఓకే. చివర ఎరుపు తగిలిందంటే సౌండు పగిలినట్టే. అప్పురం, అంతా తీసేశాక, ఎడిటింగ్‌లో ఏం చేసినా సరవదు.”

“ఆటో అని ఏదో ఉండాదే, అదే చూసుకోదా?”

“నువ్వు మాట ఆపినప్పుడల్లా అది సౌండు పెంచేసి ఫ్యానునీ రైలునీ పట్టుకుంటుంది. మాన్యువల్ దా బెస్ట్, లెవెలు నువ్వే చేత్తో పెట్టుకోవాలి. గట్టిగా మాట్లాడినా గీత పన్నెండు అన్న అంకె దగ్గర ఆడాలి. అంతే.”

సోమవారం పొద్దున కుముదిని కిటికీకి బొంత వేలాడదీసి, ఫ్యాను ఆపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడి చూసింది. గీత పన్నెండు దగ్గరే ఆడింది. కానీ చెవిలో తన గొంతు మూతపెట్టిన గిన్నెలోంచి వచ్చినట్టుంది. పాఠమే స, శ, ష గురించి, వినబడాల్సినవే మందంగా ఉంటే ఎలా? లెవెలు కొంచెం పెంచింది. ఇంకొంచెం పెంచింది. అక్షరాలు విడివిడిగా తెలిసేదాకా పెంచింది. ‘స’ అన్నప్పుడల్లా ఎరుపు ఒక్క క్షణం మెరిసి పోతోంది. చెవికి బాగున్నది గీతకు బాగోకపోతే నేనేం చేసేది అనుకుని పాఠమంతా తీసి శ్రేయకు పంపింది.

సాయంత్రం శ్రేయ ఫోను చేసింది. “అత్తా, మొత్తం పగిలిపోయింది. స, శ వచ్చిన చోటల్లా చిరచిరమంటోంది. వేడి నూనెలో నీళ్లు పడినట్టు. నీకు వినపళ్లేదా?”

“లేదే! చక్కగా ఉండాది కదా.”

“ఇంకోసారి విను.”

విన్నది. చక్కగానే ఉంది. మైకు చెడిపోయిందేమోనని వైరు మార్చింది. మెడ దగ్గరున్న మైకును కిందికి జరిపి తీసింది. శ్రేయ దగ్గర్నుంచి అదే మాట. కుముదినికి కోపం రాలేదు, పట్టుదల వచ్చింది. ఒకే శబ్దం షోళింగనల్లూరులో ఒక తీరుగా, పెరంబూరులో ఒక తీరుగా ఎలా ఉంటుంది?

ఆమె భర్త వేంకటరమణ ఇన్సూరెన్సు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. హాల్లో పేపరు చదువుకుంటున్న ఆయన్ను పిలిచి హెడ్‌ఫోన్లు తగిలించింది. పాఠం మొదలవగానే ఆయన మొహం చిట్లించి వాటిని తీసేశాడు.

“ఏందే ఇది? చెవిలో ఇసక పోసినట్టు ఉండాది.”

“ఏడ? ఏ మాట దగ్గర?”

“సీత అంటివి కదా, ఆడ. మళ్లీ శనగలు అన్నప్పుడు.”

అంటే మైకూ కాదు, కెమెరా కూడా కాదు. అవే హెడ్‌ఫోన్లు, అదే పాఠం. కుముదిని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ నిమిషంలో ఆమెకు ఒక అనుమానం వచ్చింది కానీ దాన్ని వెంటనే నమ్మడం ఇష్టం లేకపోయింది. ముందు చూడాలి.

“ఒక పని చెయ్యండి. మైకు మీరు పెట్టుకుని నా వెనకాల నిలబడి మాటలు చెప్పండి. మెల్లగా. నేను ఏం విన్నానో చెప్తా.”

“ఏం మాటలు?”

“నోటికొచ్చినవి. సకారం ఉండేవి.”

వేంకటరమణ గొంతు సవరించుకుని మెల్లగా ఒక మాట అన్నాడు.

“ఈత,” అంది కుముదిని.

ఆయన నవ్వాడు. “సీత అన్నానే.”

“సరి, ఇంకోటి.”

“సాకు.”

“ఆకు.”

“సంత.”

“అంత.” ఆమె వెనక్కి తిరిగింది. “మీరు ఎగతాళి చేస్తా ఉండారా?”

ఆయన నవ్వడం మానేశాడు. “లేదు కుముదా. నిజంగా అన్నా.” ఈసారి అరిచినంత గట్టిగా “సంత!” అన్నాడు. అది వినబడింది. స్క్రీను మీద గీత ఎగిరి ఎరుపును కొట్టింది.

“అరవద్దు. వట్టి సకారం ఒకటే పలకండి. సాగదీసి.”

వేంకటరమణ పెదవులు కొంచెం విడదీసి, పళ్లు కలిపి నిలబడ్డాడు. కుముదినికి ఏమీ వినబడలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంది. అప్పుడు స్క్రీను కేసి చూసింది. గీత కదులుతోంది. సగం దాకా వచ్చి అక్కడే వణుకుతూ నిలబడింది. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు పడిపోయింది, మళ్లీ లేచింది.

“అనండి మళ్లీ,” అంది ఆమె మెల్లగా.

గీత లేచింది. గదిలో నిశ్శబ్దం.

“ఆడ ఏదో ఉండాది. నా దాకా రాలా,” అంది.

వేంకటరమణ మైకు తీసి బల్ల మీద పెట్టాడు. కాఫీ కలుపుతానని లోపలికి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి కుముదిని కుర్చీలో లేదు. కెమెరా, మైకు పట్టుకుని ఇంట్లో తిరుగుతోంది. ఫ్రిజ్ గుయ్యిమనడం వినబడుతోంది, గీతా కదులుతోంది. కుళాయి సన్నగా తిప్పితే గీత కదిలింది కానీ చెవికి తెలియలేదు. తాళాల గుత్తి ఊపింది. కొంచెం తెలిసింది. అగ్గిపుల్ల గీసింది. మంట చూసింది తప్ప గీసిన చప్పుడు వినలేదు.

“కాఫీ ఆరిపోతా ఉండాది,” అన్నాడు ఆయన.

“ఉండండి. చీపురుతో ఊడవండి ఒకసారి ఈడ.”

ఆయన ఊడ్చాడు. గీత చీపురుతో పాటు ఊగింది. కుముదిని దాన్నే చూస్తూ నిలబడింది. ఈ ఇంట్లో తనకు తెలియకుండా ఇన్ని చప్పుళ్లు జరుగుతున్నాయా అని ఆశ్చర్యంగా ఉంది. ఆ రోజంతా ఆ ఆశ్చర్యంలోనే గడిచింది. సాయంత్రం బియ్యం కడుగుతూ చేతుల కింద ఏ చప్పుడూ లేదని గమనించినప్పుడు మాత్రం కుళాయి కట్టేసింది. చాటుగా కళ్లు తుడుచుకుంది.

స్టేషను దగ్గరి క్లినిక్‌లో చెవులు పరీక్షించే కార్తీక చిన్న వయసు మనిషి. అద్దాల గదిలో కూర్చోబెట్టి, కీచుమనే శబ్దాలు వినిపించి, వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. తర్వాత కాగితం మీద గీసిన గీత చూపించి తమిళంలో వివరించింది. ఎడమ పక్క లావు శబ్దాలు, అక్కడ గీత బాగానే ఉంది. కుడి పక్క సన్న శబ్దాలు, అక్కడికి వచ్చేసరికి గీత మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో చాలామందికి జరిగేదేనట. అచ్చులన్నీ వినబడుతూనే ఉంటాయి కాబట్టి తమకు తక్కువైందని ఎవరికీ తోచదట. ఎదుటివాళ్లు నములుతూ మాట్లాడుతున్నారని అనుకుంటారట.

కుముదిని ఆ మాట దగ్గర ఆగింది. పిల్లలు గుర్తొచ్చారు.

“అయితే నేను లెవెలు పెంచితే అన్నీ పెరిగినాయి. పెరగాల్సింది ఈ కుడి పక్క మాత్రమే. అంతేనా?” అని అడిగింది.

కార్తీక ఆశ్చర్యపోయింది. “అంతే మేడం. చెవికి పెట్టుకునే మెషిను చేసేది అదే. ఎవరు చెప్పారు మీకు?”

“కెమెరా,” అంది కుముదిని.

చెవి మెషిన్లు పెట్టుకున్న మొదటి వారం కష్టంగానే గడిచింది. కవర్ల గరగర, చెప్పుల రాపిడి, గిన్నె మీద చెంచా అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. కానీ పాఠం తీయడానికి కూర్చున్నప్పుడు అసలు సంగతి తెలిసింది. వేంకటరమణ మామూలు గొంతుకు గీత పన్నెండు దగ్గర ఆడేలా లెవెలు పెట్టి, తను మాట్లాడితే గీత మాటిమాటికీ ఎరుపు దాకా పోతోంది. తను అరుస్తోంది. ఇంట్లో, బడిలో, కూరగాయల బండి దగ్గర ఎప్పటినుంచో అరుస్తూనే ఉంది. టీచరు గొంతు కదా అని అందరూ సరిపెట్టుకున్నారు. గొంతు తగ్గించుకుంది. ఇంకా తగ్గించింది. గీత పన్నెండు దగ్గరికి వచ్చి కుదురుకుంది. తన నోటి సకారం తనకే సన్నగా, శుభ్రంగా వినబడింది. ఒకసారి “శనగలు” అని, ఊరికే ఇంకోసారి అనుకుంది.

శ్రేయ ఆ వీడియో చూసి, “అత్తా, సూపర్‌గా ఉంది, ఒక్క చోట కూడా పగల్లేదు. కానీ నువ్వేనా మాట్లాడేది? ఇంత మెల్లగానా?” అంది.

ఆదివారం పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి చదివించింది. చాలామంది బాగానే పలికారు. మింగేస్తున్నావని ఆమె ఎన్నోసార్లు నిలబెట్టిన రాజా నోట ‘శ’ ఎంత స్పష్టంగా వచ్చిందంటే, ఆమె వాడి వీపు తట్టి “బాగా చెప్పినావురా, ముందు కూడా బాగానే చెప్పినావు, నాకే తెలీలా” అంది. వాడికేమీ అర్థం కాలేదు. ఆశ అనే పిల్ల మాత్రం నిజంగానే ‘శంఖం’ని ‘సంకం’ అంది. కుముదిని సంతోషంగా సుద్దముక్క అందుకుని బోర్డు దగ్గరికి వెళ్లింది. దిద్దాల్సిందేదో ఇప్పుడు దిద్దొచ్చు.

క్లాసు అయ్యాక వేంకటరమణ వచ్చాడు. ఇద్దరూ రైల్వే గోడ పక్కగా నడుస్తున్నారు. పొద్దు వాలుతోంది. గోడ అవతలి పొదల్లోంచి సన్నగా, ఎడతెగకుండా ఒక చప్పుడు వస్తోంది. కుముదిని ఆగింది.

“అదేంది? పురుగులా?”

“ఏది?”

“ఈడ పొదల్లో. జిర్రుమని.”

ఆయన తల వంచి విన్నాడు. గోడకు దగ్గరగా వెళ్లి చెయ్యి చెవి వెనక పెట్టుకుని మళ్లీ విన్నాడు.

“ఏమీ లేదే.”

ఆమె ఆయన మొహం కేసి కాసేపు చూసింది. ఆయన నిజమే చెబుతున్నాడు.

“రేపు కార్తీక దగ్గరికి మీరూ రండి.”

“నాకెందుకే? నా చెవులు బాగానే ఉండాయి.”

“నేనూ అట్టనే చెప్పినా,” అంది కుముదిని మెల్లగా.

“ఏంది?” అన్నాడు ఆయన.