అప్పగింతల పాట

ఆషాఢజలధరనిర్ముక్తధారాపాతసంతర్పితమై గోదావరీతీరకేదారసీమ యెల్ల కాలువలకుఁ జేరిన కొత్తనీటి గలగలలతోను నారుమడుల లేఁతపచ్చదనముతోను గన్నులపండువై యొప్పుచుండఁగా మోకాలిలోఁతు బురదలో వంగి వరి నాటుచున్న స్త్రీల వరుసకు మొదట నూకాలమ్మ నిలిచి యుండెను.

ఆ పొలములలో నొక యాచారము గలదు. వరుస మొదట నిలుచునామె పాట యెత్తుకొనును, తక్కినవా రందుకొందురు, పాట యెంత వడిగా సాగునో చేతులును నంత వడిగా సాగును. అత్తగారినుండి సంక్రమించిన యా పెద్దఱికమును ఏఁబదియేండ్లకుఁ జేరువైన నూకాలమ్మ పసుపుతాడుతో సమానముగాఁ జూచుకొనుచుండెను. కాని యా యేడు నాట్లు మొదలైనది మొదలు చుఱుకైన పాటల నన్నిఁటిని విడిచి పెండ్లికూఁతు నత్తవారింటి కంపునప్పటి సాగదీఁత పాటనే ప్రొద్దస్తమానము పాడఁ జొచ్చెను.

ప్రక్కన నాటుచున్న తోడికోడలు వరహాలమ్మకు మొదటి చోటుపై నెప్పటినుండియో కన్ను గలదు. ఆమె యూరకుండునా?

“ఏటక్కా, పొద్దున్నుంచీ పిల్లనంపుతానే ఉన్నావు, ఆ పిల్లింకా గుమ్మం దాటదేటి?”

అందఱును నవ్విరి. “దానికి ఒళ్ళొంగటం లేదే” యని వెనుక గుసగుసలాడిరి. ఔరా లోకము! వంగిన నడుము మరల లేవకుండుటయే యామె బాధ యని యెఱుఁగరు గదా!

ముట్లుడుగు వయస్సు వచ్చినది మొదలామెకు రక్తస్రావము మేర మీఱి యుండెను. ఉతికిన గుడ్డ యాఱకమున్నే వేఱొకటి కావలసి వచ్చెడిది. గట్టెక్కునప్పటికిఁ గన్నులు చీఁకట్లు గ్రమ్మును, గుండె దడదడలాడును. ఉడుగుటకు ముందు చెడ్డనెత్తురు పోవుట మంచిదే యని యెన్నఁడో యత్త చెప్పిన మాటను నమ్మియు, చెప్పుకొన్నచో మొదటి చోటు పోవునని వెఱచియు, ఆ యమాయకురాలు పాటను సాగదీసి యలసటను దాఁచుకొనుచుండెను. అక్కటా!

ఒకనాఁటి యపరాహ్ణమున పాట నడుమఁ దెగెను. నూకాలమ్మ బురదలోఁ జతికిలఁబడెను. మందలింపవచ్చిన వరహాలమ్మ యామె చుట్టును నీరెఱ్ఱవాఱుటఁ గాంచి తన నడుమునఁ జుట్టుకొన్న తువాలును విప్పి యామెకుఁ గప్పి లేవనెత్తెను.

“ఇదేటక్కా? ఎన్నాళ్ళనుంచి?”

“చెడ్డరక్తంలేవే, పోనీ. నువ్వు పాటెత్తుకో, వరస ఆగిపోద్ది.”

“చెడ్డదేటి మంచిదేటి, అంతా నీ రక్తమే గదా! పాట తగలెయ్యి. నడు ఆసుపత్రికి!”

పట్టణమునందలి వైద్యురాలు పరీక్షించి, యీ వయస్సున ముట్టు క్రమము దప్పుట కలదు గాని యింత స్రావమును సహించి యూరకున్నచో ప్రాణములమీఁదికి వచ్చుననియు, ఒడలిలో నెత్తురు మిక్కిలి క్షీణించినదనియు మందలించి, నెత్తు రెక్కించి మందులిచ్చి గర్భాశయపరీక్షలకు మరల రమ్మనెను. కారణము తేలినది, చికిత్స సాగినది, స్రావము తగ్గినది. బలము మాత్రము మెల్లమెల్లగా రాఁదొడఁగెను.

రెండవ పంటయగు దాళ్వా నాట్లకు నూకాలమ్మ మరల మడిలో దిగి తన చోటు పోయినదే యనుకొని వరుస చివర నిలువఁబోయెను. వరహాలమ్మ చేయి పట్టి లాగికొనిపోయి మొదట నిలిపెను. నూకాలమ్మ కన్నులు చెమ్మగిల్లెను. తాను మునుపటిదాననే యని చూపఁగోరి చుఱుకైన పాట నెత్తుకొనెను గాని రెండవ చరణముననే యూపిరి చాలదయ్యెను. వరుస యెల్ల నిలిచిపోయెను.

అప్పుడు వరహాలమ్మ నడుము నిటారుగా నిలిపి గొంతు సవరించుకొని, “తొందరేటక్కా, పిల్లని నెమ్మదిగానే పంపుదాం” అని యప్పగింతల పాట నెత్తుకొనెను. అందఱు నందుకొనిరి. ఆనాఁడు పెండ్లికూఁతురు గుమ్మము దాటునప్పటికిఁ బ్రొద్దు గ్రుంకెను, ఎవ్వతెయుఁ దొందరపెట్టలేదు.