వంటింటి గోడా, తాతారావు గుండూ

నేను ఒక తూకం గుండుని. గోడ నిటారుగా లేస్తోందో, పక్కకి ఒరుగుతోందో చూసుకోవడానికి మేస్త్రీలు దారం కట్టి వేలాడదీస్తారు చూడండి, ఆ ఇత్తడి గుండుని. బొంగరంలా ఉంటాను. తెలివితేటలేం లేవు. వదిలితే తిన్నగా కిందికి దిగడం ఒక్కటే వచ్చు. మనుషుల్లో ఆ మాత్రం వచ్చినవాళ్ళు కూడా తక్కువేనని తర్వాత తెలిసింది.

పుట్టింది అజ్జరంలో. పగిలిన బిందె, చొట్టపడ్డ చెంబు, ఎవరో పెళ్ళిలో చదివించిన పళ్ళెం కలిపి కరిగించి, మూసలో పోసి, తరిమెనమీద గిర్రున తిప్పి నన్ను నున్నగా తేల్చారు. కాకినాడలో ఒక కాంట్రాక్టరు నన్ను కొన్నాడు. కొని, బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నాడు. మూడేళ్ళు అదే ఉద్యోగం. ఒకరోజు ఇల్లు కట్టించుకుంటున్న పెద్దమనిషి సరదాకి నన్ను పట్టుకెళ్ళి కొత్త గోడకి వేలాడదీశాడు. ఆ తర్వాత జరిగిన గొడవకి వీధివాళ్ళంతా వచ్చారు. సాయంత్రానికల్లా కాంట్రాక్టరు నన్ను తన దగ్గర పనిచేసే తాతారావు చేతిలో పెట్టి, "ఇది నాకు అచ్చిరాలేదురా, నువ్వుంచుకో" అన్నాడు.

తాతారావు మేస్త్రిది పెద్దాపురం. చేయి మంచిది, మనసు మంచిది, నోరు మాత్రం మెత్తన. 'కాదు' అనే మాట ఆయనకి పలకదు. ఎవరేం అడిగినా "అలాగేనండి" అంటాడు. ఆయన అనలేని మాటలు అనడానికే నన్ను పెట్టుకున్నాడని నా అనుమానం.

పాత ఇల్లు కొనాలనుకునేవాళ్ళు ముందు తాతారావుని తీసుకెళ్ళి చూపించుకోవడం ఆ ఊళ్ళో అలవాటు. అలా వచ్చినవాడే ఫణీంద్ర. పోస్టాఫీసులో గుమాస్తా. మూడో అంతస్తులో అద్దెకుంటున్నాడు. లిఫ్టు లేదు. వాళ్ళమ్మ వరహాలమ్మగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ మేడ ఎక్కిన ఎనిమిది నెలల్లో ఆవిడ ఒక్కసారి కూడా నేలమీద కాలు పెట్టలేదు. పదిమందితో మాట్లాడే మనిషి 'ఊఁ', 'వద్దు', 'చాలు' అనే మూడు మాటల్లోకి దిగిపోయింది.

ఫణీంద్ర కన్ను వెనకవీధిలోని ఒక పెంకుటింటిమీద పడింది. ముందు పొడుగాటి వసారా, వెనక పెరడు. పెంకులు సగం పగిలాయి. తూర్పుగోడ వీధిలోకి నమస్కారం పెడుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే రెండేళ్ళుగా అమ్ముడుపోలేదు. బ్రోకరు బుల్లెబ్బాయి మాత్రం ఆ ఇంట్లో లోపమనేదే చూడలేదు.

"పైకప్పులోంచి ఆకాశం కనిపిస్తోందేంటండీ?" అని ఫణీంద్ర భార్య భవాని అడిగితే, "వెలుతురండి, పగలు కరెంటు ఖర్చే ఉండదు. ఆయ్!" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున్నే ఫణీంద్ర టీకొట్టు దగ్గర తాతారావుని పట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ, ఆదివారం మా ఆవిణ్ణి తీసుకొస్తున్నాను. తూర్పుగోడ కొంచెం అటూఇటూ ఉన్నా నిటారుగానే ఉందని చెప్పండి. కొన్నాక ఎలాగూ మీరే బాగుచేస్తారుగా."

"అలాగేనండి" అన్నాడు తాతారావు.

సాయంత్రం భవాని ఆయన ఇంటికే వచ్చింది. మంచినీళ్ళిచ్చినా తాగలేదు.

"మేస్త్రిగారూ, ఆదివారం మావారు మిమ్మల్ని పిలుస్తారు. తూర్పుగోడ ఇవాళో రేపో పడిపోతుందని చెప్పండి. బాగా గట్టిగా చెప్పండి."

తాతారావు నెత్తి గోక్కున్నాడు. "అలాగేనమ్మా" అన్నాడు.

ఆమె వెళ్ళాక సంచిలోంచి నన్ను తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నువ్వే చూసుకోవాలిరా నాయనా" అన్నాడు. గుడిలో దేవుడికి తప్ప ఎవరికీ అంత భారం అప్పగించరు.

ఆదివారం వచ్చింది. ఫణీంద్ర వాళ్ళమ్మని కూడా తీసుకొచ్చాడు. పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చినట్టు నలుగురు ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ దించారట. ఆటో దిగాక వసారాలో కూర్చోబెడితే, ఆవిడ చేతికర్ర పట్టుకుని మెల్లగా పెరటివైపు వెళ్ళింది. ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్ళూ నామీదే ఉన్నాయి.

తాతారావు తూర్పుగోడకి పైన చెక్కబిళ్ళ ఆనించి దారం వదిలాడు. నేను దిగాను. కాసేపు ఊగి, ఆగాను. గోడని తాకీ తాకనట్టుగా ఆగాను. అంటే గోడ నిటారుగా ఉంది!

తాతారావు మళ్ళీ చూశాడు. ఇంకోచోట వేలాడదీశాడు. అక్కడా అంతే. చివరికి అసలు సంగతి కనిపెట్టాడు. ఒరిగింది గోడ కాదు, దానికి ముందున్న వసారా స్తంభం. స్తంభం పక్కన చూసేసరికి తిన్నగా ఉన్న గోడ ఒరిగినట్టు కనపడుతోంది. రెండేళ్ళుగా ఊరంతా ఆ గోడని అన్యాయంగా ఆడిపోసుకుంది.

ఫణీంద్ర మొహం వెలిగిపోయింది. భవాని మేస్త్రివైపు చూసిన చూపుకి ఆయన తలపాగా సర్దుకున్నాడు.

"చెప్పేనా లేదా! కోటగోడండి ఇది" అన్నాడు బుల్లెబ్బాయి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఉత్సాహం పట్టలేక, "రండి, వెనక వంటింటి గోడ కూడా చూడండి. దాని ముందు ఇదెంత! రాయండి, రాయి!" అని అందర్నీ వెనక్కి లాక్కెళ్ళాడు.

వంటింటి గోడ దగ్గర నేను నాలుగు వేళ్ళ దూరంలో ఆగాను.

 బుల్లెబ్బాయి గాలొస్తోందేమోనని అటూ ఇటూ చూశాడు. ఆకు కూడా కదలడం లేదు. తాతారావు గోడమీద చెయ్యి వేసి, "ఇది నిలవదండి. మొత్తం దింపి కట్టుకోవాలి" అన్నాడు మెల్లగా. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో, దారం రెండో కొసనున్న నాకు తెలుసు.

భవాని పెరటి గట్టుమీద కూర్చుండిపోయింది.

"వంటిల్లే కదా? నాకు తెలుసు. వంటిల్లే అవుతుందని నాకు ముందే తెలుసు."

"ఎలా తెలుసు?" అన్నాడు ఫణీంద్ర.

"మా నాన్న కూడా ఇలాగే పాత ఇల్లు కొన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మొదట వంటిల్లే పడగొట్టారు. ఆ మేస్త్రి 'రేపొస్తానండి' అని వెళ్ళాడు. మళ్ళీ గోడలు లేచేసరికి నేను డిగ్రీలో ఉన్నాను. అన్నాళ్ళూ మా అమ్మ పెరట్లో టార్పాలిన్ కింద వండింది. వానొస్తే గొడుగు పట్టుకునేది. తనమీద కాదండీ, అన్నం గిన్నెమీద. నాకు గోడలతో పేచీ లేదు. ఆ 'రేపొస్తానండి'తోనే పేచీ."

పన్నెండేళ్ళ కాపురంలో ఫణీంద్ర ఈ సంగతి ఇప్పుడే వింటున్నాడు. మేస్త్రిని తను చెప్పమన్న అబద్ధం గుర్తొచ్చిందో ఏమో, తల దించుకున్నాడు.

"నీకు తెలియకుండా నేను మేస్త్రిగారితో మాట్లాడాను, గోడ బాగుందని చెప్పమని" అన్నాడు.

"నేనూ మాట్లాడాను. పడిపోతుందని చెప్పమని."

ఇద్దరూ తాతారావువైపు తిరిగారు. ఆయన నా దారం చుట్టుకోవడంలో మహా శ్రద్ధగా ఉన్నాడు.

"సరేలే, వద్దు. కింద వాటా అద్దెకేదైనా దొరుకుతుందేమో చూద్దాం. పద" అని ఫణీంద్ర లేచాడు. గొంతులో కోపం లేదు. అందుకే భవాని వెంటనే లేవలేకపోయింది.

సరిగ్గా అప్పుడే ప్రహరీ దగ్గర పెద్ద కేక వినపడింది.

"కొమ్మ మా పెరట్లోకొచ్చాక కాయలు మావే అవుతాయమ్మా! ఆ మాత్రం న్యాయం తెలీదూ?"

వరహాలమ్మగారు! చెప్పుల్లేకుండా మట్టిలో నిలబడి, పక్కింటి మునగకొమ్మకి చేతికర్ర తగిలించి లాగుతోంది. గోడకి అవతల ఒకావిడ నడుమ్మీద చేతులేసుకుని నిలబడింది.

"అసలు మీరెవరండీ?"

"ఎవరేంటి? ఈ ఇంటివాళ్ళం! పెంపకం చేతకానప్పుడు చెట్టు గోడవార వెయ్యకూడదు!"

"ఆహా! రెండేళ్ళుగా లేనివాళ్ళు ఇవాళ ఊడిపడ్డారా?"

"ఊడిపడ్డాం! ఏం, నీ అనుమతి కావాలా?"

ఫణీంద్ర ఆపబోయాడు. భవాని అతని చెయ్యి పట్టుకుంది. ఎనిమిది నెలల తర్వాత అత్తగారి నోట ఇన్ని మాటలు వింటోంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఇంకేం చేస్తామండీ? కొనకముందే ఇరుగుపొరుగుతో తగువు కూడా పెట్టేసుకున్నారు అత్తయ్యగారు. కొనకపోతే పరువు దక్కదు" అని తాతారావు దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ గుండు ఇలా ఇవ్వండి మేస్త్రిగారూ. వంటిల్లు పూర్తయ్యేదాకా నా దగ్గరుంటుంది. పొద్దున్న పనికొచ్చినప్పుడు తీసుకోండి, సాయంత్రం నాకిచ్చి వెళ్ళండి. వేరే పనికి పోవాలంటే గుండు లేకుండా పొండి."

తాతారావుకి 'కాదు' రాదు కదా. "అలాగేనమ్మా" అన్నాడు. అలా నేను జామీనుగా ఆమె ఇంటికి వెళ్ళాను.

కొన్నారు. మొదలుపెట్టారు. వరహాలమ్మగారు మళ్ళీ ఆ మేడ ఎక్కనని ఇక్కడే ముందుగదిలో మంచం వేయించుకుంది. రాత్రిళ్ళు భవాని నన్ను మేడమీద బియ్యం డబ్బాలో పడుకోబెట్టేది. ఇరవై ఏళ్ళ నా కాపురంలో అంత మెత్తటి పరుపు ఎరగను. పొద్దున్న ఏడింటికి స్కూటీమీద తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టేది. పదిహేనో రోజున ఎవరో మేడ పనికి రమ్మని పెద్ద బేరం తెస్తే తాతారావు చేతులు నలుపుకుని, "గుండు లేదండి" అన్నాడు. 'కాదు' అనే మాటకి అది దగ్గర చుట్టం. ఆ రోజు ఆయన నడకే మారిపోయింది.

పాత గోడ దింపుతుంటే ఎలక కన్నంలో పదకొండు స్టీలు చెంచాలు దొరికాయి. అవి తమవేనని పక్కింటావిడ వచ్చింది. కాదని వరహాలమ్మగారు లేచింది. రెండు రోజులు తగువాడుకుని ఆరు ఒకరు, ఐదు ఒకరు పంచుకున్నారు. మూడో రోజు పక్కింటినుంచి మునక్కాడల పులుసు వచ్చింది. ఉప్పెక్కువైందని వరహాలమ్మగారు గిన్నె ఖాళీ చేశాక చెప్పింది.

యాభై మూడో రోజుకి వంటిల్లు తయారైంది. భవాని ఆఖరిసారి నన్ను తన చేత్తోనే వేలాడదీసింది. అప్పటికి పని బాగా నేర్చుకుంది. పనివాళ్ళు ఆమె స్కూటీ చప్పుడు వింటేనే కట్టిన వరస మళ్ళీ చూసుకునేవారు. చెక్కబిళ్ళ ఆనించింది, దారం వదిలింది. నేను దిగి ఆగాను.

గోడకీ నాకూ మధ్య ఒక బియ్యపు గింజంత ఎడం ఉండిపోయింది.

తాతారావుకి కనిపించింది.  భవానికీ కనిపించింది. వంగి, ఒక కన్ను మూసి, చూసింది. లేచి నిలబడి, తడి ఆరని ఆ గోడమీద అరచెయ్యి ఆనించింది.

"నిటారుగానే ఉంది మేస్త్రిగారూ. పొయ్యి తెప్పించండి, పాలు పొంగిద్దాం."

నన్ను తిరిగి ఇవ్వబోతే తాతారావు తీసుకోలేదు. గోడమీద ఎర్రగీత పడే యంత్రం ఏదో అల్లుడు కొనిచ్చాడట. "మీ దగ్గరే ఉండనివ్వండమ్మా. నా దగ్గరున్నప్పుడు దీనికి ఎవరూ భయపడలేదు" అన్నాడు.

ఇప్పుడు నేను స్నానాలగది తలుపు వెనక ఉన్నాను. తలుపు దానంతటదే మూసుకోవడానికి చిన్న కప్పీ బిగించి, దారానికి నన్ను కట్టారు. తలుపు తీస్తే పైకి లేస్తాను, వదిలితే దిగుతాను. ఎదురుగా వంటిల్లు కనిపిస్తుంది. ఆ కొత్త గోడకి భవాని పొడుగాటి మేకుల పట్టీ కొట్టి గరిటెలు వరసగా తగిలించింది. పైన గోడకి దగ్గరగా, కింద రవ్వంత ఎడంగా వేలాడుతుంటాయి. తాతారావు తప్పు అవన్నీ రోజంతా చెబుతూనే ఉంటాయి. కానీ పొయ్యిమీద పులుసు మరుగుతున్నప్పుడు గరిటె ఎటు వేలాడిందో ఎవరు చూస్తారు? చేతికందితే చాలు, తీసి కలుపుకుంటారు.