ఎదురింటి ముందు ఆపరాదు

మా ఇంటి ముందు ఒక పూట ఎవరూ బళ్లు ఆపకుండా చూడమని నగరపాలక కార్యాలయానికి దరఖాస్తు పెట్టినప్పుడు, దానికి పటం గీసింది మావారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, స్కేలు పెట్టి, కరెంటు స్తంభం నుంచి మురుగుకాలువ మూత దాకా ముచ్చటగా గీశారు. చిక్కల్లా ఒక్కటే. బాల్కనీలోంచి కనబడేది రోడ్డుకు అవతలి పక్క. మా పక్క కనబడాలంటే పిట్టగోడ మీంచి వంగాలి. ఆయనకు నడుంనొప్పి.

కనబడిన పక్కనే గీశారు.

కార్యాలయంవాళ్లు పటాన్ని తు.చ. తప్పకుండా పాటించి, ముందుగానే 'బళ్లు ఆపరాదు' బోర్డులు తెచ్చి ఎదురింటి ముందు నిలబెట్టి వెళ్లారు. "చూశావా, మనకు కనబడేట్టు పెట్టారు" అని మావారు మురిసిపోయారు. నేనూ డిగ్రీ చదివినదాన్నే. అవునండీ అన్నాను.

అనుమతి ఉన్న రోజు తెల్లవారేసరికి అసలు సంగతి బోధపడింది. బోర్డులు చూసి ఎదుటి వరసవాళ్లంతా బుద్ధిగా తమ కార్లు తీసి మా వైపు పెట్టుకున్నారు. అవతల క్రికెట్ ఆడుకునేంత ఖాళీ. ఇవతల మా కిటికీ కింద చీమ దూరే సందు లేదు.

ఆ కిటికీలోంచే మా ఆడపడుచు కొన్న పెద్ద ఓవెన్ లోపలికి రావాలి. మెట్ల మీద మలుపు తిరగదని, క్రేను బండితో ఎత్తి మేడ మీది గదిలో దింపాలని ఏర్పాటు. కిటికీ చట్రం ముందురోజే ఊడదీయించాం. ఇన్నేళ్లు ఒకరి బేకరీలో పిండి పిసికిన పిల్ల, ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెడుతోంది. సోమవారం నుంచి ఆసుపత్రి క్యాంటీనుకు రొట్టెలు పంపుతానని మాటిచ్చింది. క్రేను మళ్లీ ఇటు వచ్చేది వచ్చే నెల. క్యాంటీను అన్నాళ్లు ఆగదు.

తను ఆ కిటికీ కన్నం దగ్గరే నిలబడి కిందికి చూస్తోంది.

"అన్నయ్యా, నువ్వు ఇంజినీరువేనా?"

"కొలతల్లో తప్పులేదే" అన్నారు మావారు.

"లేదులే. రోడ్డు తిప్పి పెడితే సరిపోతుంది."

అంటూనే క్యాంటీనుకు ఏం చెప్పాలో అని ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఇంక నేను ఊరుకోలేకపోయాను. అనుమతిపత్రం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇంట్లో అలాంటివి చదివేది నేనొక్కదాన్నే. మందుసీసా చుట్టూ ఉండే కాగితం కూడా వదలను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: అనుమతి పొందినవారి పని కోసం నిలిపే వాహనాలకు ఈ నిషేధం వర్తించదు, పత్రం నకలు ముందు అద్దం దగ్గర కనబడాలి.

కార్యాలయానికి ఫోన్ చేశాను. ఒక గుమస్తా ఎత్తాడు.

"పక్క మార్చాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలమ్మా. వారం పడుతుంది."

"మార్చొద్దు నాయనా. మా పనికి వచ్చే బళ్లు ఎన్నుండొచ్చు?"

"అలా లెక్కేమీ రాయలేదండీ."

"కార్లయినా ఫరవాలేదా?"

"ఏ బండయినా సరే. ఇంతకీ ఆ కార్లు చేసే పనేంటి?"

"అడ్డు తొలగడం."

అవతల దగ్గులాంటి నవ్వు వినబడింది. "నకలు మాత్రం అద్దం దగ్గర కనబడాలమ్మా. మా తనిఖీ అతను అదే చూస్తాడు."

మావారిని జిరాక్సుకు పరిగెత్తించాను. నడుంనొప్పి గుర్తు రాకముందే వెళ్లొచ్చారు.

ముందు ఎదురింటి పెద్దాయన తలుపు తట్టాను. రిటైరైన బస్సు డ్రైవరు. రూలంటే రూలే.

"బాబాయిగారూ, మీ కారు మళ్లీ మీ ఇంటి ముందు పెట్టాలి."

"బోర్డుందిగా తల్లీ. ముప్పయ్యేళ్లు బస్సు నడిపాను, ఒక్క చలానా లేదు. ఇప్పుడు నీకోసం కట్టమంటావా?"

"బోర్డు మాదేనండీ. ఈ పూటకు మీ కారు మా పనిలో చేరింది."

ఆయన నకలు అందుకుని కళ్లజోడు పెట్టుకుని చదివారు. ముద్ర చూశారు. వెనక్కి తిప్పి అటూ చూశారు. "జీతం ఎంత?" అన్నారు.

"సోమవారం మొదటి రొట్టె."

"మాడిందైతే తీసుకోను" అంటూ తాళాలు తీసుకున్నారు.

ఆ తర్వాత నా పని తేలికైపోయింది. తన కారు పెట్టుకుని, నేను మిగతావాళ్లకు నకళ్లు పంచుతుంటే, ఆయనే రోడ్డు మధ్యలో నిలబడి, "రానీ, రానీ, కొంచెం ఎడమకు తిప్పు" అంటూ మిగతా కార్లన్నీ అవతలికి దాటించారు. క్రేను బండి వచ్చేసరికి మా కిటికీ కింద నేల కనబడుతోంది.

తనిఖీ అతను కూడా వచ్చాడు. వరసగా అద్దాల వెనక నకళ్లు చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. "ఇన్ని బళ్లా? ఏం పనమ్మా?"

"పెద్ద పనే" అన్నాను పైకి చూపిస్తూ.

పైన ఓవెన్ గాలిలో మెల్లగా తిరుగుతోంది. కిటికీలో మా ఆడపడుచు రెండు చేతులూ చాచి నిలబడింది, తనే అందుకుని దింపేసేలా. "కొంచెం కుడికి" అంది క్రేను అతనితో. నోరు తెరవబోయిన మావారు నన్ను చూసి మూసుకున్నారు.

ఓవెన్ మూలలు గోడకు తగలకుండా లోపలికి వెళ్లింది. కాసేపటికి తను మళ్లీ కిటికీలో కనబడింది, ముక్కు మీద దుమ్ముతో.

"వదినా, నిలబడింది. కరెంటు కలిపాను, వేడెక్కుతోంది. పిండి కలపనా?"

"సోమవారం దాకా ఎందుకు?" అన్నారు కింద నుంచి పెద్దాయన.

మా ఆడపడుచు అప్పటికే చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.